కుండ దించితేనే బొచ్చు మొలుస్తుంది

పంజరంలో పెంచుకునే చిన్న గింజపిట్ట ఫించ్‌కి బొచ్చు ఊడిపోయిందనగానే అందరూ అడిగేది ఒకటే: "ఏం మందు వేయాలి?" నేను మందు పేరు చెప్పను. "పంజరంలో గూటి కోసం కట్టిన కుండ ఉందా?" అని ఎదురు అడుగుతాను. దాదాపు ప్రతిసారీ ఉంటుంది. ఎప్పటి నుంచి అంటే, పిట్టల్ని కొన్న రోజు నుంచీ. ముందు ఆ కుండ దించండి అంటే మాత్రం మొహం చిన్నబుచ్చుకుంటారు. కుండ లేకపోతే గుడ్లుండవు, గుడ్లు లేకపోతే పిల్లలుండవు, పిల్లలు లేకపోతే ఇంక ఫించ్‌లు పెంచడం దేనికి అని వాళ్ళ బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నా మాట మార్చుకోను. మన ఇళ్ళలో కలిసి ఉండే ఫించ్‌లు ఒకదాని ఈకలు ఒకటి పీకడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఏడాది పొడుగునా వేలాడే ఆ కుండే.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. చిలకలు దిగులుతోనో విసుగుతోనో తమ ఈకలు తామే పీక్కుంటాయి. ఫించ్‌లలో అది తక్కువ. ఇక్కడ పీకేది పక్కనున్న పిట్టే. కనిపెట్టడం తేలిక. బట్టతల ఎక్కడుందో చూడండి. తల మీద, మెడ వెనక ఉంటే ఆ పిట్ట ముక్కు అక్కడికి అందదు, కాబట్టి అది ఇంకొకరి పనే. తోక మొదట్లో, నడుం మీద బోడిగా ఉంటే అక్కడికి దాని ముక్కూ అందుతుంది గానీ, ఫించ్‌లలో అదీ ఎక్కువగా వెనక నుంచి వచ్చి లాగినదే. రొమ్ము మీద, రెక్కల కింద ఊడితే అప్పుడు పేలు, చర్మం, తిండి గురించి ఆలోచించాలి.

మామూలుగా ఈకలు రాల్చే కాలంతో దీన్ని కలపకండి. రాల్చుకునే పిట్ట కాస్త చింపిరిగా కనిపిస్తుందే తప్ప ఒకచోట చర్మం బయటపడేంత బోడి కాదు. ఊడిన ఈకలు ట్రేలో కనిపిస్తాయి. పాతవి రాలే చోటే కొత్తవి సన్నటి ముళ్ళలా పొడుచుకొస్తుంటాయి. పీకిన పంజరంలో ట్రే శుభ్రంగా ఉంటుంది. ఈకలన్నీ కుండలోకి పోతాయి, లేదా కడుపులోకి పోతాయి.

పేల సంగతి కూడా ఒక్క రాత్రిలో తేలిపోతుంది. పల్లెల్లో కోళ్ళు పెంచినవాళ్ళకి కోడిపేలు తెలుసు. వాటితో పాటు ఎర్ర మైట్స్ అని ఉంటాయి, పగలంతా కర్రల పగుళ్ళలో, కుండలోని పీచులో దాక్కుని, రాత్రి బయటికొచ్చి రక్తం తాగుతాయి. పడుకోబోయే ముందు పంజరం మీద తెల్ల గుడ్డ కప్పి, తెల్లవారకముందే లోపలి వైపు చూడండి. ఎర్రటి చుక్కలు కదులుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఏమీ లేకపోతే పేల మందు జోలికి పోకండి. పన్నెండు గ్రాముల పిట్టకి ఐవర్‌మెక్టిన్ అనే ఆ మందు కళ్ళతో కొలిచి వేస్తే చచ్చిపోవచ్చు. అది పక్షుల డాక్టర్ తూకం చూసి వేయాల్సిన మందు.

మా అక్క కూతురు కూకట్‌పల్లిలో ఉంటుంది. జీబ్రా ఫించ్‌ల జంట, వాటి పిల్లలు, అన్నీ ఒకే పంజరంలో. ఫోన్ చేసి, "పిన్నీ, ఆడదాని మెడ మీద బొచ్చు మొత్తం పోయింది. షాపతను చర్మవ్యాధి అన్నాడు, స్ప్రే ఇచ్చాడు. కొట్టమంటావా?" అంది. కొట్టకు, నేనొస్తున్నా ఆగమన్నాను. వెళ్ళి పంజరానికి కాస్త దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనుషులు దగ్గరుంటే పీకే పిట్ట పీకడం ఆపేస్తుంది. అందుకే వీలుకాని వాళ్ళకి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పంజరం ఎదురుగా పెట్టి గదిలోంచి బయటికి వెళ్ళిపొమ్మని చెప్తుంటాను.

కాసేపటికి మగది ఆడదాని పక్కకి జరిగి వాలింది. ఆడది మెడ సాచి, తల పక్కకి వాల్చి, ఉన్న కాసిని ఈకలూ ఉబ్బించింది. సవరించమని అడగడం అది. ఫించ్‌లు తమ ముక్కు అందని చోట ఒకదానికొకటి ఇలా సవరించుకుంటాయి, జంట కట్టిన పిట్టల మధ్య అది ప్రేమే. మగది చెంప పక్కన రెండుసార్లు మెల్లగా దువ్వింది. మూడోసారి ముక్కు కాస్త లోతుగా పెట్టి, ఒక తెల్లటి మెత్తని ఈకని పట్టి లాగింది. ఆడది చిన్నగా అరిచి ఒక అడుగు జరిగిందే గాని పారిపోలేదు. మగది ఆ ఈకని ముక్కులో అటూ ఇటూ తిప్పి, కాడ ముందుకి వచ్చేలా పట్టుకుని, నేరుగా కుండ మూతి మీద వాలింది. లోపలికి దూరి అంచు దగ్గర ఆ ఈకని దోపి, వంగి చూసుకుని, మళ్ళీ బయటికి వచ్చింది. కుండలో చెయ్యి పెట్టి చూస్తే కొబ్బరిపీచు నాలుగు పోగులే ఉన్నాయి. మిగతాదంతా ఆడదాని బొచ్చు, పిల్లల బొచ్చు.

దాంట్లో కక్ష ఏముంది? గూడు కట్టుకుంటోంది. గూటికి మెత్తటి పరుపు కావాలి, దొరికిన చోట నుంచి తెచ్చుకుంటోంది. జీబ్రా ఫించ్ అసలు ఊరు ఆస్ట్రేలియా. ఆ నడిమి ఎండు నేలల్లో వానలు ఎప్పుడు పడతాయో తెలీదు. వాన పడి గడ్డి గింజ కట్టగానే గుంపులు గుంపులుగా గూళ్ళు కట్టి, గడ్డితో గుండ్రంగా అల్లి, లోపల ఈకలు, మెత్తటి పోగులు పరిచి, గుడ్లు పెట్టి, వీలైనన్ని పిల్లల్ని గబగబా లేపేస్తాయి. కరువు రాగానే ఆపేస్తాయి. దాని ఒంట్లో ఉన్న పద్ధతి అది. మన బాల్కనీలో కరువు ఎప్పుడు వస్తుంది? గిన్నె నిండా కొర్రలు, డబ్బా నిండా నీళ్ళు, తల మీద కుండ, రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్. దాని ఒళ్ళు ఎప్పుడూ "ఇదే అదను" అంటూనే ఉంటుంది. ఆపమని చెప్పేది ఏదీ లేదు.

ఇందులో ఎక్కువ నలిగేది ఆడపిట్ట. జీబ్రా ఫించ్ గుడ్డు సుమారు ఒక గ్రాము. ఒక విడతకి నాలుగు నుంచి ఆరు గుడ్లు. అయిదు గుడ్లంటే తన ఒంటి బరువులో దాదాపు నలభై శాతం వారంలోపు బయటికి పోయినట్టు. అది ఎక్కడి నుంచి వచ్చింది? కొర్రల్లోంచి వచ్చిన కాస్త మాంసకృత్తులు, సొంత ఎముకల్లోని కాల్షియం. ఈక దాదాపు మొత్తం మాంసకృత్తులే. గుడ్లకే ఒళ్ళు ఖాళీ అయితే పీకిన ఈక స్థానంలో కొత్తది మొలవడానికి సరుకు ఎక్కడుంటుంది? అందుకే అలాంటి ఇళ్ళలో ఆడది నెలల తరబడి బోడిమెడతో తిరుగుతుంది. ఒకనాడు గుడ్డు ఇరుక్కుని ట్రేలో ముడుచుకుని కూర్చుంటుంది. అప్పుడు మళ్ళీ "ఏం మందు వేయాలి?"

పిల్లల గతి ఇంకా కష్టం. పొదగడం పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు. పొదిగాక మరో పద్దెనిమిది, ఇరవై రోజులకి పిల్లలు కుండ బయటికి వస్తాయి. అప్పటికి వాటంతట అవి తినడం రాదు, సుమారు ముప్పై అయిదు రోజుల వయసు దాకా అమ్మా నాన్నా పెట్టాలి. ముక్కు నల్లగా ఉన్నన్నాళ్ళూ అది పిల్లే. కానీ కుండ ఖాళీ కాగానే పెద్దవాటికి రెండో విడత మొదలైపోతుంది. పిల్ల నోరు తెరిచి అడుగుతుంటే తండ్రి ఒక చేత్తో తిండి పెడుతూ ఇంకో చేత్తో తరిమినట్టు చేస్తుంది. కుండ దగ్గరికి వస్తే పొడుస్తుంది, వీపు మీది లేత ఈకలు లాగి గూట్లో పరుస్తుంది. నేను చూసిన బోడి పిల్లలన్నీ రెండో విడత గుడ్ల పక్కనే పెరిగినవి. రెండో విడత లేని ఇంట్లో పిల్లల వీపులు నిండుగానే ఉన్నాయి.

"కుండ వాటి పడకగది కదా, తీసేస్తే రాత్రి ఎక్కడ పడుకుంటాయి?" అని అడుగుతారు. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసిపారేయను. అడవిలో జీబ్రా ఫించ్‌లు పడుకోవడానికి కూడా గూళ్ళు కడతాయి, అది నిజం. కానీ అక్కడ పడక గూడు ఉన్నంత మాత్రాన గుడ్లు రావు, గింజ లేకపోతే ఆగిపోతాయి. పంజరంలో కుండ కనిపించిందంటే గుడ్లే. పైమూలలో రెండు మంచి కర్రలు, వెనక వైపు గుడ్డతోనో అట్టతోనో చాటు, చీకటి పడగానే లైటు ఆర్పడం, ఇవి ఉంటే జీబ్రాలు ఒకదానికొకటి ఆనుకుని కర్ర మీదే హాయిగా పడుకుంటాయి. మన వాతావరణంలో చలి భయం డిసెంబర్, జనవరి రాత్రులకే. అప్పుడు పంజరం లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది. బెంగాలీస్ ఫించ్‌ల విషయంలో మాత్రం కాస్త సడలిస్తాను. మనిషి చేతిలోనే తయారైన పిట్ట అది. మన తూర్పు కనుమల్లోనూ కనిపించే తెల్లనడుం జీనువాయి జాతి నుంచి సుమారు రెండున్నర శతాబ్దాలుగా జపాన్‌లో పెంచుతూ మార్చుకొచ్చారు. అవి అన్నీ ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోవడానికి అలవాటు పడ్డవి. వాటికి మగవన్నీ ఒకచోట, ఆడవన్నీ ఒకచోట పెట్టి పడుకునే బుట్ట ఇవ్వొచ్చు. పాడేది మగదే కాబట్టి విడదీయడం కష్టం కాదు.

(జీనువాయిల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పొలాల్లో వలేసి పట్టిన మన జీనువాయిలకి రంగులు పూసి అమ్ముతుంటారు. కొనకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, పైగా ఆ పిట్టలు ఎక్కువ రోజులు బతకవు.)

కుండ ఒక్కటే కారణం అనడం లేదు. ఇరుకు రెండో కారణం. అడుగున్నర పంజరంలో ఆరు పిట్టల్ని పెట్టి, పొడుచుకుంటున్నాయంటే ఏం చెప్పను? ఫించ్ పైకి కిందకి ఎగిరే పిట్ట కాదు, అడ్డంగా ఎగురుతుంది. ఎత్తుగా గోపురంలా ఉండే పంజరం మన కంటికి అందంగా ఉంటుంది, దానికి పనికిరాదు. ఒక్క జంటకైనా రెండున్నర, మూడు అడుగుల పొడుగు ఉండాలి. తరిమితే పారిపోవడానికి అవతలి కొస ఉండాలి. మూడు పిట్టల్ని ఎప్పుడూ పెట్టకండి, జంట కట్టని మూడోది అందరికీ లోకువ అవుతుంది. చిన్న పంజరంలో రెండు జంటలూ అంతే, ఒక జంట రెండోదాన్ని అదే పనిగా తరుముతుంది. "ఇంకో జంటని తెచ్చి వేయండి, సర్దుకుంటాయి" అని అమ్మేవాళ్ళు సలహా ఇస్తారు. సర్దుకోవు. జీబ్రాలకి చిన్నదైనా పెత్తనం ఎక్కువ, తమ కన్నా నెమ్మదైన జాతుల తోకల మీద వాటి కన్ను ఉంటుంది.

మూడోది తిండి. కొర్రలు మంచి తిండే, కానీ కొర్రలు ఒక్కటే తిండి కాదు. చిరుధాన్యాలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. వారానికి రెండు మూడు సార్లు గట్టిగా ఉడికించిన కోడిగుడ్డు పెంకుతో సహా మెదిపి పెట్టండి. ఎండాకాలంలో రెండు గంటల్లో తీసేయండి, లేకపోతే పాసిపోతుంది. మొలకెత్తిన కొర్రలు, సజ్జలు, కడిగిన కొత్తిమీర, మునగాకు మంచివి. సముద్రపు నురుగు ముక్క, అదే కటిల్ బోన్, ఎప్పుడూ ఉండాలి. ఇంకొక మాట, ఉడికించిన గుడ్డు తినిపిస్తూ కుండ కూడా ఉంచితే గుడ్లు ఇంకా ఎక్కువ పెడతాయి. రెండూ కలిపి చేయకండి.

ముక్కుకి పని లేకపోవడం మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు మాత్రం అది తిండితో సమానం. అడవి ఫించ్ పగలంతా గింజ కోసం నేల వెతుకుతుంది. మన పిట్ట గిన్నెలో గింజ పది నిమిషాల్లో తిని, మిగతా పగలంతా ఏం చేయాలి? పక్కనున్న పిట్ట మెడ తప్ప పంజరంలో ఆసక్తికరమైన వస్తువు లేదు. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం చూరుకి వరికుచ్చులు కడతారు కదా, అలాగే పంజరంలో కొర్ర కంకులు గుత్తిగా కట్టి వేలాడదీయండి. గింజ గింజా వొలుచుకోవడానికి దానికి పూటంతా పడుతుంది. గింజ పట్టిన పచ్చిగడ్డి దొరికితే, మందు కొట్టని చోటుదైతే, కట్టగట్టి పెట్టండి. రోజూ పొద్దున పెద్ద పళ్ళెంలో వేలెడు లోతు కూడా లేకుండా నీళ్ళు పెడితే స్నానం చేస్తాయి. తడిసిన పిట్ట తర్వాత గంటసేపు తన ఈకలే తాను సవరించుకుంటుంది, పక్కవాళ్ళ జోలికి పోదు.

ఇంక చేయాల్సింది. చాలామంది బోడి పిట్టని చూసి జాలిపడి దాన్ని తీసి వేరే పంజరంలో ఒంటరిగా పెడతారు. నేను పీకే పిట్టనే తీస్తాను. బోడిదాని చోటు దానికి ఉంచాలి, లేకపోతే తిరిగి వచ్చేసరికి అది కొత్త పిట్ట అయిపోయి రెట్టింపు దెబ్బలు తింటుంది. తీసిన దాన్ని కూడా కనిపించని గదిలోకి పంపకండి. ఇవి గుంపు పిట్టలు, ఒంటరితనం వాటికి పెద్ద టెన్షన్. పంజరం మధ్యలో తీగ జల్లెడ అడ్డం పెట్టండి, లేదా రెండు పంజరాలు ఆనించి పెట్టండి. ఒకదాన్నొకటి చూసుకోవాలి, పిలుచుకోవాలి, ముక్కు మాత్రం మెడకి అందకూడదు. పిల్లల్ని పీకుతుంటే అదే జల్లెడకి అవతల పిల్లల్ని ఉంచితే అమ్మా నాన్నా కన్నాల్లోంచే తిండి పెడతాయి. మగపిల్లలు తండ్రి పాట విని నేర్చుకునేది కూడా దాదాపు 25 నుంచి 60 రోజుల వయసులోనే, కాబట్టి ఆ రోజుల్లో తండ్రిని పూర్తిగా దూరం చేయడం మంచిది కాదు.

ఎన్నాళ్ళు? ఇక్కడే అందరూ తొందరపడతారు. విరిగిన ఈక తర్వాతి రాల్చుడు దాకా ఆగుతుంది, మొదలంటా పీకిన ఈక మాత్రం వెంటనే మొలవడం మొదలుపెడుతుంది. వారం, పది రోజులకి మెడ మీద నీలిరంగు చిన్న ముళ్ళలా కనిపిస్తాయి. అది చూసి "మొలిచాయి" అని కలిపేస్తారు. అది అన్నిటికన్నా చెడ్డ సమయం. ఆ ముళ్ళలో రక్తం ఉంటుంది, లేతగా ఉంటాయి, పీకే పిట్టకి అంతకన్నా ఊరించేది లేదు. ఒకటి తెగి రక్తం కనిపిస్తే మిగతావి కూడా చేరతాయి. ఆ తొడుగులు పొట్టులా రాలిపోయి, ఈకలు విచ్చుకుని, చర్మం పూర్తిగా కప్పుకునే దాకా ఆగాలి. మూడు నాలుగు వారాలనుకోండి. రక్తం కారితే శుభ్రమైన దూదితో మెల్లగా నొక్కి, కాస్త కార్న్‌ఫ్లోర్ అద్దండి. ఆగకపోతే డాక్టర్.

కొబ్బరినూనె, వేపనూనె మాత్రం రాయకండి. మన చేతికి మొదట అందేది అవే, మనసుకి మంచి పని చేసినట్టూ ఉంటుంది. నూనె తగిలిన ఈకలు అట్టకట్టి ఒంటి వెచ్చదనాన్ని ఆపలేవు. ఫించ్ ఒంటి వేడి 41 డిగ్రీల పైనే. అంత చిన్న ఒంటికి చలికాలం రాత్రి అది ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఆ నూనెంతా సవరించుకుంటూ అది మింగేస్తుంది.

కుండ దించేటప్పుడు లోపల గుడ్లో పిల్లలో ఉంటే ఆగండి. కొబ్బరిపీచు, పొట్టిగా కత్తిరించిన ఎండుగడ్డి ధారాళంగా ఇచ్చి, ఆ విడత పూర్తి కానివ్వండి. పొడుగు దారాలు, దూది పోగులు వద్దు, కాళ్ళకి చుట్టుకుంటాయి. పిల్లలు బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళడం మానేసిన రోజున దించేయండి. మగది కొన్ని రోజులు ఆ మూల చుట్టూ తిరుగుతుంది, గింజల గిన్నెలో గూడు కట్టబోతుంది. గిన్నె లోతు తక్కువది పెట్టండి. తర్వాత మానేస్తుంది.

అన్నీ చేసినా పీకడం ఆపని పిట్టలు కొన్ని ఉంటాయి. చిన్నప్పుడు తండ్రి పీకగా పెరిగినవి, ఏళ్ళ తరబడి ఇరుకులో ఉన్నవి, అలవాటు పడిపోయినవి. వాటిని అమ్మేయడం పరిష్కారం కాదు, ఇంకో ఇంట్లో ఇంకో పిట్ట మెడ బోడి అవుతుంది. జల్లెడకి ఇవతల దాని సగం, అవతల జంట సగం, అలాగే బతకనివ్వండి. పాడుకుంటుంది, తింటుంది, రాత్రి జల్లెడకి ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి ఆనుకుని పడుకుంటాయి.

పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఎండలు తగ్గాక, అక్టోబర్ తర్వాత కుండ కట్టండి. ఆడది నిండు ఈకలతో, కండతో ఉంటేనే కట్టండి. ఏడాదికి రెండు విడతలు చాలు. పుట్టబోయే ప్రతి పిల్లకీ మూడడుగుల చోటు ఎక్కడుందో కట్టకముందే చూసుకోండి. చోటు లేకపోతే ఆ ఏడాది కుండ కట్టకండి.